పడమటి పక్కింట్లో పెట్టిన సంచి

కామారెడ్డి జిల్లా కేంద్రమైన మరుసటి వేసవిలో నేను స్టేషన్ రోడ్డులోని ఒక ట్రావెల్ ఆఫీసులో సీనియర్ టికెటింగ్ ఆఫీసర్‌ని. హోదా వినడానికి పెద్దగా ఉంటుంది గానీ ఆఫీసులో మేం ముగ్గురమే. యజమానిని అందరూ సేటు అనేవారు. వీసా కాగితాలు చూసే ఆయన ఒకరు. విమానాల్లో సీట్లు వెతకడం, టికెట్ తయారుచేయడం, మార్చడం, రద్దుచేయడం నా పని. ఊళ్లవాళ్లకు నేను సుగుణ మేడం. చనువున్నవాళ్లకు టికెట్ మేడం.

ఇప్పుడు ఎవరి ఫోన్‌లో వాళ్లే టికెట్లు చేసుకుంటున్నారు. మంచిదే. కానీ ఆ రోజుల్లో ఎల్లారెడ్డి నుంచి, మాచారెడ్డి నుంచి, బీర్కూర్ నుంచి గల్ఫ్ పోయే మనిషి వెంట ఇంటిల్లిపాదీ వచ్చి మా బెంచీల మీద కూర్చునేవారు. చేతిలో పెట్టిన టికెట్‌ను కళ్లకద్దుకుని, దానికి బొట్టు పెట్టిన ఆడవాళ్లను ఎందరినో చూశాను. ఆ బొట్టు విమానం నంబరు మీద పడిందని విసుక్కుని మళ్లీ ప్రింటు తీసిచ్చిన రోజులూ ఉన్నాయి. ఆ విసుగు ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది. ఆ బెంచీలు మాత్రం నిజంగా గుర్తొస్తాయి.

మా కౌంటర్‌లో రోజూ వినబడే ప్రశ్న ఒకటే. ఎంత దూరం, ఎన్ని గంటలు? దీనికి జవాబు చెప్పడం అనుకున్నంత తేలిక కాదు. టికెట్ మీద బయలుదేరే సమయం మన గడియారం ప్రకారం ఉంటుంది, దిగే సమయం ఆ దేశపు గడియారం ప్రకారం ఉంటుంది. రియాద్ గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక. కాబట్టి అయిదు గంటల ప్రయాణం పోయేటప్పుడు కాగితం మీద రెండున్నర గంటల్లాగా, వచ్చేటప్పుడు ఏడున్నర గంటల్లాగా కనబడుతుంది. మాచారెడ్డి నుంచి వచ్చిన ఒకామె భర్త రాకపోకల టికెట్లు రెండూ పక్కపక్కన పెట్టించుకుని, "పోయేటప్పుడు గింత జల్ది పోయిండు, వచ్చేటప్పుడు గంతసేపు ఏందుల్లా? నడుమ ఏడ ఆగిండు మేడం?" అని నిలదీసింది. ఎక్కడా ఆగలేదమ్మా, అది గడియారాల తేడా అని చెప్పాను. ఆమె నన్ను కూడా అనుమానంగానే చూసి పోయింది.

దానికి తోడు గాలి ఒకటి. ఎత్తులో గాలులు పడమటి నుంచి తూర్పుకు వీస్తాయి. అందుకే గల్ఫ్ పోయే విమానానికి ఎదురుగాలి, తిరిగి వచ్చేదానికి తోడుగాలి. దూరం ఒకటే అయినా సమయం ఒకటి కాదు. మా వృత్తిలో విమానం చక్రాలకు అడ్డుపెట్టిన దిమ్మెలు తీసిన క్షణం నుంచి, దిగినచోట మళ్లీ దిమ్మెలు పెట్టేదాకా పట్టే కాలాన్నే ప్రయాణ సమయం అంటారు. ఇంటి నుంచి విమానాశ్రయానికి, దిగినచోటి నుంచి పనివాళ్లుండే క్యాంపుకు పట్టే కాలం ఆ లెక్కలోకి రాదు. అది ప్రయాణికుడి సొంత గొడవ.

ఎంత దూరం, ఎన్ని గంటలు తర్వాత మూడో ప్రశ్న ఒకటి ఉండేది. అది ఏ శిక్షణలోనూ నాకు నేర్పలేదు. ఏ దిక్కు? ముహూర్తం చూసే అయ్యగారు అడిగి రమ్మన్నాడని అడిగేవారు. మొదట్లో చిరాకుపడ్డాను. తర్వాత నా టేబుల్ మీద ఒక గ్లోబు పెట్టుకుని, దారం కట్టి చూపించడం మొదలుపెట్టాను. అలా అడిగినవాళ్లలో గంగమణి ఒకరు. ఈ కథ ఆమె సంచిదే.

గంగమణిది ఎల్లారెడ్డి. బీడీలు చుట్టేది. భర్త సాయిలు రియాద్‌లో ఒక కంపెనీలో ఎలక్ట్రీషియన్. మాట తక్కువ మనిషి. అడిగినదానికి కూడా భార్య ముఖం చూసి జవాబిచ్చేవాడు. ఆ వేసవిలో ఇల్లు కట్టుకుందామని సెలవు మీద వచ్చాడు. స్లాబు పడేసరికి సెలవు అయిపోవచ్చింది. కంపెనీవాళ్లను బతిమాలి గడువు ఒకసారి పెంచించుకున్నాడు. రెండోసారి పెంచేది లేదన్నారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. సౌదీ నుంచి సెలవు మీద వచ్చేవాడికి తిరిగి ప్రవేశించడానికి ఒక వీసా ఇస్తారు. దాని మీద ఒక తేదీ ఉంటుంది. ఆ తేదీన అర్ధరాత్రి లోపల అక్కడి ఇమిగ్రేషన్ కౌంటర్‌లో ముద్ర పడాలి. విమానం దిగితే చాలదు, ముద్ర పడాలి. పడకపోతే ఉద్యోగం పోయినట్టే, మళ్లీ కొన్నేళ్లదాకా ఆ దేశపు గడప తొక్కనివ్వరు. సాయిలు గడువు ఒక గురువారంతో ముగుస్తుంది. అదే గురువారం సాయంత్రం హైదరాబాద్ నుంచి నేరుగా రియాద్ పోయే విమానంలో నేనతనికి సీటు తీశాను. ఇంకో రోజు ముందు పెట్టుకొమ్మని చెప్పాను. స్లాబుకు నీళ్లు కొట్టేవాళ్లు లేరన్నాడు.

టికెట్ తీసుకోవడానికి భార్యాభర్తలిద్దరూ వచ్చారు. గ్లోబు మీద దారం పెట్టి రియాద్ పడమర అని చూపించాను. గంగమణి ముఖం వాడిపోయింది.

"పడమర మంచిదే మేడం. కానీ హైదరాబాద్ మాకు దక్షిణం కదా. బేస్తారం దక్షిణం పోతే వారశూల అంటడు అయ్యగారు."

వారశూల అంటే ఏ వారం ఏ దిక్కుకు ప్రయాణం పనికిరాదో చెప్పే లెక్క. నా దగ్గర దానికి మార్గం లేదు. గురువారం విమానాశ్రయాన్ని ఎల్లారెడ్డికి పడమరన పెట్టడం మా సేటు వల్ల కూడా కాదని చెప్పాను. గంగమణి నవ్వింది. దానికి పరస్థానం ఉంది కదా మేడం అంది.

పరస్థానం గురించి తెలియని పిల్లల కోసం చెబుతున్నాను. బయలుదేరే రోజు మంచిది కాకపోతే, అంతకుముందు మంచి గడియ చూసి ప్రయాణికుడి వస్తువు ఒకటి సంచిలో పెట్టి, పోయే దిక్కున ఉన్న వేరేవాళ్ల ఇంట్లో ఉంచుతారు. అక్కడితో ప్రయాణం మొదలైనట్టే. ఆ సంచి మళ్లీ సొంతింటి గడప లోపలికి రాకూడదు. అసలు బయలుదేరే రోజు ఆ ఇంటికే పోయి, సంచి తీసుకుని, అటునుంచి అటే పోవాలి. సాధారణంగా తువ్వాలో, బనీనో పెడతారు.

సరే, మీ ఇష్టం, పాస్‌పోర్టు మాత్రం జాగ్రత్త అన్నాను. అందరితో అనే మాటే అది. "మాకు మనిషంటే పాస్‌పోర్టే. అది కదిలితేనే మనిషి కదిలినట్టు" అని కూడా అన్నాను. అది నా ఊతపదం. గంగమణి తలూపింది. ఆమె ఎంత శ్రద్ధగా విన్నదో నాకు ఆ గురువారం తెలిసింది.

సోమవారం పొద్దున అయ్యగారు చెప్పిన గడియకు సంచి వాళ్లింటి గడప దాటింది. పడమటి పక్కింటివాళ్లు రజియా బీ కుటుంబం. భర్త కుట్టుపని చేస్తాడు. సాయిలు ఎప్పుడు గల్ఫ్ పోయినా సంచి వాళ్లింట్లోనే పెట్టేవారు. రజియా బీ దాన్ని గోడకున్న కొక్కేనికి తగిలించి, మీద శుభ్రమైన గుడ్డ కప్పేది. ఒకరింటి తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉండేది. ఈ సంగతులన్నీ నేను తర్వాత తెలుసుకున్నవే.

బుధవారం మధ్యాహ్నం నా కంప్యూటర్ క్యూలో ఒక సందేశం పడింది. క్యూ అంటే విమాన సంస్థలు ఏజెంట్లకు మార్పులు తెలిపే డబ్బా లాంటిది. రోజుకు నాలుగుసార్లు తెరిచి చూడాలి, చూడని ఏజెంటు మునిగిపోతాడు. గురువారం సాయంత్రం విమానాన్ని మధ్యాహ్నం పన్నెండుకు జరిపారని దాని సారాంశం. అలాంటి మార్పు వస్తే ఏజెంటు ప్రయాణికుడికి చెప్పి, అతను ఒప్పుకున్నాక కంప్యూటర్‌లో అంగీకారం నమోదు చేయాలి. చాలామంది ఫోన్ పెట్టేయగానే నమోదు చేసేస్తారు. నాది వేరే పద్ధతి. మనిషి ఇల్లు దాటి బండెక్కాడని తెలిసేదాకా ఆ మీట నొక్కను. మా సేటు దీన్ని చాదస్తం అనేవాడు.

సాయిలుకు ఫోన్ చేసి చెప్పాను. పన్నెండు గంటల విమానానికి పదకొండుకు చెక్-ఇన్ మూసేస్తారు, తెల్లవారుజామునే ఎల్లారెడ్డి వదలాలి అన్నాను. సరే మేడం, బండి మాట్లాడుకుంట అన్నాడు. అప్పటికే రజియా బీ ఇల్లు తాళం వేసి ఉంది. బీర్కూర్‌లో అన్న కూతురి పెళ్లి ఉంటే ఆ పొద్దునే పోయారు. సాయంత్రం విమానమనుకుని, గురువారం పొద్దున పదింటికల్లా వచ్చేస్తామని చెప్పి మరీ పోయారు. తాళంచెవి తన దగ్గర ఉంది కాబట్టి గంగమణి ఏమీ కంగారుపడలేదు.

గురువారం ఇంకా వెలుగు రాకముందే నా ఫోన్ మోగింది. గంగమణి. ఏడుస్తోంది.

"మేడం, సంచి లేదు."

ఏ సంచి అన్నాను.

"పరస్తానం సంచి మేడం. రజియక్క ఇల్లు తీసి చూసిన. కొక్కెం మీద లేదు, పెట్టెల లేదు. ఇల్లంత దేవులాడిన. గామె ఫోన్ ఎత్తుతలేదు."

ఒక తువ్వాల కోసం ఇంత ఏడుపు దేనికి, పోనీ వదిలేయ్, బండెక్కించు అన్నాను. తర్వాత సాయిలు గొంతు వినబడింది. సంచిలో పాస్‌పోర్టు ఉంది మేడం అన్నాడు.

అనకూడని మాటలు కొన్ని అన్నాను. పాస్‌పోర్టు ఎవరైనా సంచిలో పెట్టి పక్కింట్లో తగిలిస్తారా, బుద్ధుందా అని అరిచాను. గంగమణి ఫోన్ లాక్కుంది.

"మీరే అన్నరు కదా మేడం, మనిషంటే పాస్‌పోర్టే అని. పోయినసారి తువ్వాల పెట్టిన. తువ్వాల మంచిగనే పోయింది, మనిషి పోయి నెల దినాలు జ్వరంతోటి పడ్డడు. అందుకే ఈసారి మనిషినే పెట్టిన."

ఫోన్ పెట్టేసి, చీర మార్చుకుని, ఆఫీసుకు నడిచి నా చేతులతోనే షట్టర్ ఎత్తాను.

ఇలాంటప్పుడు నేను గడువు నుంచి వెనక్కు లెక్క వేస్తాను. రియాద్‌లో అర్ధరాత్రి అంటే మనకు తెల్లవారుజాము రెండున్నర. ముద్ర కోసం వరుసలో నిలబడే సమయం తీసేయాలి. విమానంలో గడిపే సమయం తీసేయాలి. మిగిలినదాంట్లో సంచి దొరకాలి, మనిషి విమానాశ్రయం చేరాలి. సంచి ఎక్కడుందో తెలియదు కాబట్టి ఆ లెక్క అక్కడే ఆగిపోయింది. దొంగతనమైతే చేయగలిగింది ఏమీ లేదు. నేను కంప్యూటర్ ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాను.

ఏడు కావొస్తుండగా గంగమణి మళ్లీ ఫోన్ చేసింది. రజియా బీ పలికిందట. సంచి ఆమె దగ్గరే, బీర్కూర్‌లోనే ఉంది. రాత్రంతా తలకింద పెట్టుకుని పడుకుందట. పెళ్లింట్లో ఫోన్ ఎక్కడో బట్టల కింద ఉండిపోయిందట.

సంచి మీద ప్రాణం అంత ఉంటే దాన్ని ఊరు దాటించడం ఏమిటని నాకు మండిపోయింది. రజియా బీ నంబరు తీసుకుని నేనే ఫోన్ చేశాను. ఆమె నెమ్మదిగా చెప్పింది.

"అమానత్ గదమ్మా. ఒకరు నమ్మి చేతుల పెట్టిన సామాను ఉత్త ఇంట్ల ఎట్ల ఇడిచిపెట్టిపోత? పోతే నా జవాబుదారీ. అందుకే ఎంట తెచ్చుకున్న."

అందులో ఏముందో చూశారా అని అడిగాను.

"తోబ తోబ. అమానత్ మూట ఇప్పుతరా?"

ఒకామె మనిషినే సాగనంపాలని పాస్‌పోర్టు సంచిలో పెట్టింది. ఇంకొకామె నమ్మకం నిలబెట్టుకోవాలని దాన్ని విమానాశ్రయానికి మరింత దూరంగా మోసుకుపోయింది. ఇద్దరిలో ఎవరినీ తిట్టడానికి లేదు. నేను రజియా బీకి పాస్‌పోర్టు సంగతి చెప్పాను. ఆమె ఫోన్ పెట్టేయకుండానే ఎవరినో పిలిచి బండి తియ్యమనడం వినబడింది.

ఇక్కడి నుంచి నిర్ణయాలు నావి. మొదటిది, సాయిలును కదలనివ్వకపోవడం. అతను తను మాట్లాడుకున్న బండిలో, బీర్కూర్ దారిలో ఉన్న బాన్సువాడ వైపు ఎదురుపోతానన్నాడు. ఎదురుపోతే సగం దారి కలిసొస్తుందని చుట్టూ ఉన్నవాళ్లంతా అన్నారట. కలిసిరాదు. సంచి ఎలాగూ ఎల్లారెడ్డి మీదుగానే హైదరాబాద్ పోవాలి. అది వచ్చే దారిలోకి మనం పరిగెత్తి, దాంతోపాటే వెనక్కు వస్తే ఒక్క నిమిషం కూడా మిగలదు. పైగా నడుమ ఒకరినొకరు దాటిపోయే ప్రమాదం ఉంది. ఇంట్లో కూర్చో అన్నాను. గంగమణి కూడా వద్దనే పట్టుబట్టింది. బయలుదేరిన మనిషి మళ్లీ వెనక్కు ఇంటి ముందు నుంచి వస్తే మంచిది కాదని ఆమె బాధ. నాది లెక్క, ఆమెది శకునం. ఆ పొద్దున మేమిద్దరం ఏకమైన సంగతి అదొక్కటే.

రెండో నిర్ణయం కష్టమైనది. సంచి ఎల్లారెడ్డి చేరేసరికి ఎనిమిది దాటుతుంది. అక్కడి నుంచి కామారెడ్డి, హైవే, నగరం చుట్టూ తిరిగి విమానాశ్రయం, మూడు గంటలకు తక్కువ పట్టదు. పదకొండుకే చెక్-ఇన్ మూసేస్తారు. సాయిలు మాట్లాడుకున్న బండి డ్రైవర్ నర్సింలు ఫోన్‌లోకి వచ్చాడు.

"మేడం, నేను కొట్టుకుంట పోత. దొరుకుతది. మీరు టికెట్ కదిలియ్యకుండ్రి."

సాయిలు కూడా అదే అన్నాడు. అంత మాట తక్కువ మనిషి బతిమాలాడు. "ఆ ప్లేనే ఉంచుండ్రి మేడం. అది తప్పితే ఇంకోటి దొరకదు. నా ఇల్లు మొండిగోడల మీదనే ఆగిపోతది."

నాకు తెలిసినంతవరకు విమానం ఎవరి ధైర్యాన్నీ లెక్కలోకి తీసుకోదు. అయిదు నిమిషాలు ఆలస్యమైనా కౌంటర్‌లో తల అడ్డంగా ఊపుతారు. అప్పుడతను నో-షో. అంటే సీటుండి కూడా రానివాడు. నో-షో అయినవాడికి ఆ టికెట్ మీద ఇంకే హక్కూ ఉండదు. అదే విమానం బయలుదేరేలోపు మార్చుకుంటే హక్కులన్నీ ఉంటాయి. పైగా సమయం మార్చింది విమాన సంస్థ. నేనింకా అంగీకారం నమోదు చేయలేదు. అలాంటప్పుడు ప్రయాణికుడికి కుదిరే వేరే దారిలో సీటివ్వడం వాళ్ల బాధ్యత.

వాళ్ల హైదరాబాద్ డెస్క్‌కు ఫోన్ చేశాను. అవతలి అమ్మాయి, మీ ప్రయాణికుడికి నిన్ననే చెప్పారు కదా, ఎందుకు రాలేడు అని అడిగింది. సంచి బీర్కూర్ పెళ్లికి పోయిందని ఆమెకు ఎలా చెప్పను? కొత్త సమయానికి చేరలేడు, మార్పును మేం అంగీకరించలేదు, అంతే అన్నాను. ఆమె సూపర్‌వైజర్‌ను పిలిచింది. ఆయన నా స్క్రీన్ మీద ఏముందో తన స్క్రీన్ మీద చూసుకుని, సరేనన్నాడు. సాయంత్రం ముంబయికి ఒక విమానం, అక్కడి నుంచి రియాద్‌కు ఇంకొకటి. సేటు అప్పుడే వచ్చి, ముంబయి దాకా వేరే సంస్థలో ముందరి విమానం ఉందని చూపించాడు. నేను ఒప్పుకోలేదు. రెండూ ఒకే టికెట్ మీద ఉంటే మొదటిది ఆలస్యమైనా రెండోదాని పూచీ వాళ్లదే. విడివిడి టికెట్లయితే ముంబయిలో సాయిలు మొర ఎవరూ వినరు.

కాగితం మీద అది రియాద్‌లో రాత్రి పదికి దిగుతుంది. అర్ధరాత్రికి రెండు గంటలే తేడా. మధ్యాహ్నం విమానం సీటు రద్దుచేసే మీట నొక్కాను. ఆ ఇల్లు పూర్తవుతుందా లేదా అన్నది ఆ మీట కింద ఉందని నాకు తెలుసు.

ఎనిమిదిన్నరకు రజియా బీ ఎల్లారెడ్డిలో దిగింది. అన్న కొడుకు కారు నడిపాడు. సంచి నేనిచ్చి వస్తాను, నువ్వు పెళ్లిలో ఉండు అని అన్న అన్నాడట. నా చేతికిచ్చిన్రు, నా చేతితోనే ఇస్త అని ఆమె పెళ్లిబట్టలతోనే వచ్చింది. చేతుల గోరింట ఇంకా ఎండలేదని నర్సింలు తర్వాత చెప్పాడు.

కారు దిగగానే ఇస్తుందనుకుంటాం కదా. ఇవ్వలేదు. ముందు తన ఇంటి తాళం తీసింది. లోపలికి పోయి సంచిని కొక్కేనికి తగిలించింది. అప్పుడు సాయిలు చెప్పులు విప్పి లోపలికి వెళ్లి, సంచి తీసుకుని, భుజానికి వేసుకుని బయటికి వచ్చాడు. పరస్థానం అలాగే కదా మరి. ఈ తతంగమంతా నాకు ఫోన్‌లో వినబడుతోంది. నర్సింలు హారన్ కొడుతున్నాడు. నేనిక్కడ తల పట్టుకున్నాను. చివరికి రజియా బీ, "పో బేటా, ఖుదా హాఫిజ్" అనడం, తలుపు మూసిన చప్పుడు వినబడ్డాయి.

కామారెడ్డిలో హైవే ఎక్కేచోట వాళ్ల బండి ఆగింది. నేను కొత్త టికెట్ ప్రింటుతో నిలబడి ఉన్నాను. పాస్‌పోర్టు తీసి చూపించమన్నాను. చూశాను. మళ్లీ సంచిలో పెట్టబోయాడు. చొక్కా లోపలి జేబులో పెట్టు, అడిగినచోట తప్ప ముద్ర పడేదాకా తియ్యకు అన్నాను. సాయిలు నా కాళ్లకు వంగబోతే కసురుకున్నాను. బండెక్కమన్నాను.

ఆ రాత్రి ఆఫీసు మూసేముందు చూశాను. ముంబయి నుంచి రియాద్ విమానం ముప్పావుగంట ఆలస్యంగా లేచింది. ఎదురుగాలి. అంతకుమించి కంప్యూటర్ చెప్పలేదు. రాత్రి నిద్ర సరిగా పట్టలేదు.

మర్నాడు నేను వెళ్లేసరికి షట్టర్ ముందు మెట్ల మీద ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. గంగమణి, రజియా బీ. మొదటి బస్సుకు వచ్చారు. సాయిలు దగ్గర నుంచి ఫోన్ లేదు. సౌదీ సిమ్ గడువు అయిపోయింది కాబట్టి క్యాంపుకు చేరితే తప్ప మాట్లాడలేడు. నేను కంప్యూటర్ తెరిచాను. విమానం అక్కడి గడియారం ప్రకారం పదకొండుకు అయిదు నిమిషాలు తక్కువలో ఆగింది.

"దిగింది" అన్నాను.

"ఆయన?" అంది గంగమణి.

కంప్యూటర్‌కు విమానం సంగతి తెలుస్తుంది గానీ మనిషి సంగతి తెలియదు. ఆ మాటే చెప్పాను. రజియా బీ గంగమణి చెయ్యి పట్టుకుంది. ఆమె గోరింట ఒక అరచేతిలో చక్కగా పండి ఉంది, రెండో దాంట్లో సంచి పట్టీ అద్దుకుని చెదిరిపోయింది. ముగ్గురం ఫోన్ కోసం కూర్చున్నాం. సేటు చాయ్ తెప్పించాడు. ఎవరూ తాగలేదు.

పది దాటాక గంగమణి ఫోన్ మోగింది. ఆమె ఎత్తి, చివరిదాకా విన్నది. అప్పుడామె నా వైపు కాదు, రజియా బీ వైపు తిరిగింది.

"అక్కా, ముద్ర పడ్డది."

పెద్ద వరుస ఉందట. గడువు చూసి ఎవరో ముందుకు పంపారట. ముద్ర వేసే ఆయన ఒకసారి గోడ గడియారం వైపు, ఒకసారి సాయిలు వైపు చూసి నవ్వాడట. రజియా బీ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాక్కూడా కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోవడం ఎందుకు, ఏడ్చాను.

చాయ్ మళ్లీ వేడిచేయించి తాగాక గంగమణి కుదుటపడింది. పాత ప్రశ్నే అడిగింది.

"మొత్తం ఎన్ని గంటలు పట్టింది మేడం?"

హైదరాబాద్‌లో విమానం కదిలినప్పటి నుంచి రియాద్‌లో ఆగేదాకా, గడియారాల తేడా కలిపి, తీసి, లెక్క చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు.

"గట్ల కాదు. సోమారం పొద్దున సంచి గడప దాటింది. ఆడికెల్లి లెక్కెయ్యాలె."

నేను కాదనలేదు.

ఏడాదిన్నర తర్వాత సాయిలు మళ్లీ సెలవు మీద వచ్చి, తిరుగు టికెట్ కోసం నా దగ్గరికి వచ్చాడు. ఇంటికి సున్నాలు వేశారని చెప్పాడు. ఇద్దరు ఆడవాళ్లూ వెంట వచ్చారు. ఈసారి సంచిలో ఏం పెడుతున్నావని గంగమణిని అడిగాను.

"తువ్వాలే మేడం. పాస్‌పోర్టు ఆయన జేబుల. కానీ సంచి ఉన్నన్ని దినాలు ఈమెను ఊరు పోనిస్తలేను."

"నాకు పెండ్లిళ్లు లేవనుకున్నవా?" అంది రజియా బీ.

తర్వాత నేను ఉద్యోగం వదిలేదాకా కౌంటర్‌లో నా పద్ధతి ఒకటి మారింది. దూరం, గంటలు, దిక్కు చెప్పి ఊరుకోవడం మానేశాను. టికెట్ చేతికిచ్చే ముందు ప్రతి ప్రయాణికుణ్ణీ రెండు ప్రశ్నలు అడిగేదాన్ని. నా తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న అమ్మాయికి కూడా అవే నేర్పాను. ఆమె మొదట నవ్వింది, తర్వాత అడగడం మొదలుపెట్టింది. సంచి ఎవరింట్లో పెట్టారు? విమానం లేచేదాకా వాళ్లు ఊళ్లోనే ఉంటారా?